వెలిగొండల సికాడాలు, వాటి వర్గీకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండలు ముదిరాక పెంచలకోనకో, ఉదయగిరి దుర్గం కిందికో, భైరవకోన వైపుకో వెళ్లినవారికి చెట్లలోంచి చెవులు గింగుర్లెత్తేలా సాగే రొద కొత్తేమీ కాదు. ఆ రొద చేసే సికాడా అనే పురుగును కంటితో చూసినవారు తక్కువ. చూసినా దాన్ని ఏ కుటుంబంలో, ఏ ప్రజాతిలో (అంటే దగ్గరి జాతుల గుంపు, జీనస్‌లో) చేర్చాలో చెప్పగలిగినవారు మరీ తక్కువ. నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో జంతుశాస్త్రం చదివే విద్యార్థులు, వారికి పాఠం చెప్పే అధ్యాపకులు, కెమెరా పట్టుకుని కోనల్లో తిరిగేవారు తరచుగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాము. పురుగు ఒంటి మీది లక్షణాలను చూసి గుర్తుపట్టడం ఒక పని, ఆ లక్షణాలు నిజంగా వంశాన్ని సూచిస్తున్నాయా లేదా అని తేల్చడం మరొక పని. ఈ రెండో పనిని చాలామంది వదిలేస్తున్నారు కనుక సమాధానాల్లో దానికే ఎక్కువ చోటు ఇచ్చాము.

సికాడా, కీచురాయి ఒకటేనా?

మన పల్లెల్లో రాత్రిపూట ఇంటి మూలల్లో అరిచే పురుగునూ, పట్టపగలు చింతచెట్టు మీద అరిచే పురుగునూ చాలామంది కీచురాయి అనే పిలుస్తారు. శాస్త్రం దృష్టిలో మాత్రం ఇవి వేర్వేరు క్రమాలకు చెందినవి. ఇంటి మూలల్లో అరిచేది మిడతకు దగ్గరి బంధువు, ఆర్థోప్టెరా క్రమానికి చెందినది. దానికి ఒంటికన్నా పొడవైన సన్నని మీసాలు, గెంతడానికి బలిసిన వెనుక కాళ్లు, ఆకును కొరికి నమిలే నోరు ఉంటాయి. అది రెక్కను రెక్కతో రాపాడించి శబ్దం చేస్తుంది. చెట్టు మీది సికాడా హెమిప్టెరా క్రమానికి చెందినది. దాని మీసాలు వెంట్రుకల్లా పొట్టిగా ఉంటాయి, నోరు రసాన్ని పీల్చే తొండంగా మారి ఉంటుంది, శబ్దం పొట్ట మొదట్లో ఉండే ప్రత్యేక అవయవం నుంచి వస్తుంది. నెల్లూరు వరి రైతుకు బాగా తెలిసిన సుడిదోమ, పచ్చదోమ సికాడాకు బంధువులే.

కీటకాలలో సికాడాల స్థానం ఏమిటి?

హెమిప్టెరా క్రమంలో ఆకెనోరింకా అనే ఉపక్రమం ఉంది. అందులో సికాడోయిడియా అనే అధికుటుంబం సికాడాలది. గడ్డి కాడల మీద ఉమ్మిలాంటి నురగ చేసుకుని అందులో దాగే చిన్న పురుగుల అధికుటుంబం, అంటే సెర్కోపోయిడియా, వీటికి అన్నిటికన్నా దగ్గరి చుట్టం. పచ్చదోమలాంటి ఆకుదోమలు ఉన్న మెంబ్రకోయిడియా ఆ తరువాతి స్థానంలో వస్తుంది. సుడిదోమ ఉన్న శాఖ ఇంకాస్త దూరం.

ఈ అమరిక మొదటి నుంచీ ఇలా లేదు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో సికాడా అనే ప్రజాతిని ఏర్పరచినప్పుడు ఆకుదోమలను, నురగ పురుగులను కూడా అందులోనే కలిపివేశాడు. అప్పటికి ముఖ్యంగా చూసింది రెక్కల తీరు, తొండం వంటి పై లక్షణాలను. 1802లో ఫ్రెంచ్ కీటక శాస్త్రవేత్త లాట్రేయ్ సికాడిడే అనే కుటుంబాన్ని ప్రత్యేకించడంతో నిజమైన సికాడాలు వేరుపడడం మొదలైంది. ఇప్పటివరకు ప్రపంచంలో మూడు వేలకు పైగా సికాడా జాతులకు శాస్త్రీయంగా పేర్లు పెట్టారు. భారత్, బంగ్లాదేశ్, భూటాన్, మయన్మార్, నేపాల్, శ్రీలంకలలో కలిపి 250కి పైగా జాతులు ఉన్నాయి.

పురుగు చేతికి దొరికితే ఏ లక్షణాలను, ఏ వరుసలో చూడాలి?

తల నుంచి మొదలుపెట్టండి. రెండు పెద్ద సంయుక్త నేత్రాలు తలకు అటూ ఇటూ బాగా ఎడంగా ఉంటాయి. వాటి మధ్య నడినెత్తిన మూడు చిన్న సరళ నేత్రాలు త్రిభుజంగా అమరి, ఎర్రటి రాళ్లు పొదిగినట్టు మెరుస్తుంటాయి. ముఖం ముందు భాగం ఉబ్బి, అడ్డంగా గాళ్లు పడి ఉంటుంది. చెట్టు దారువు (వేళ్ల నుంచి నీటిని పైకి తీసుకెళ్లే కణజాలం) నుంచి నీటిని లాగే పంపు కండరాలు ఆ ఉబ్బు లోపల అతుక్కుని ఉంటాయి. దారువులోని నీరు పీడనం తక్కువై వెనక్కి లాగబడుతూ ఉంటుంది కనుక దాన్ని పీల్చడానికి అంత పెద్ద కండరం అవసరమైంది. కింది నుంచి చూస్తే తొండం కాళ్ల మధ్యగా వెనక్కి మడిచి కనిపిస్తుంది. అది ఏ జత కాళ్ల మొదళ్ల దాకా వచ్చిందో రాసుకోవాలి, ఎందుకంటే తొండం పొడవు ప్రజాతుల మధ్య తేడా చూపుతుంది.

తరువాత ఉరం. తల వెనుక ఉండే మొదటి ఖండిక అంచులు ప్రక్కలకు విస్తరించి ఉన్నాయా, లేక నేరుగా దిగాయా అన్నది చాలా ముఖ్యం. రెండో ఖండిక వెనుక భాగంలో గుణకారపు గుర్తులాంటి ఎత్తు ఉంటుంది. అది సికాడాలకు ప్రత్యేకమైన గుర్తు, దాని ఆకారాన్ని గమనించాలి.

రెక్కలకు తొందరపడకుండా సమయం ఇవ్వాలి. ముందు రెక్కను విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఈనెలు స్పష్టంగా కనిపిస్తాయి. చివరి అంచు వెంబడి ఈనెల మధ్య ఏర్పడిన గదులను లెక్కపెట్టాలి. సాధారణంగా ముందు రెక్కలో 8, వెనుక రెక్కలో 6 ఉంటాయి. వెనుక రెక్క మొదట్లో రెండు ప్రధాన ఈనెలు వేరువేరుగా బయలుదేరాయా, లేక కలిసి ఒకే కాడగా వచ్చి ఆ తరువాత చీలాయా అన్నది ఉపకుటుంబాన్ని తేల్చే లక్షణాల్లో ఒకటి. దీన్ని భూతద్దంతో చూడాలి. ఫోటోలో ఇది అరుదుగా పట్టుబడుతుంది.

చివరగా పొట్ట. మగదైతే అడుగున, వెనుక కాళ్ల దగ్గర నుంచి రెండు పలకల్లాంటి మూతలు పొట్ట మీదికి పడి ఉంటాయి. వాటి కింద వినికిడి పొరలు ఉంటాయి. ఈ మూతల పొడవు, వాటి కొస గుండ్రంగా ఉందా మొనదేలిందా, రెండూ మధ్యలో కలుస్తున్నాయా ఎడంగా ఉన్నాయా అన్న వివరాలతో చాలా ప్రజాతుల్లో జాతిని దాదాపు తేల్చవచ్చు. ఆడదానికి ఈ మూతలు చిన్నవిగా ఉంటాయి. దాని పొట్ట చివర కొమ్మ బెరడును చీల్చి గుడ్లు పెట్టే కోసైన అవయవం ఉంటుంది. జాతి నిర్ధారణ అంతిమంగా ఆధారపడేది మగదాని జననాంగాల నిర్మాణం మీదనే, అది నమూనాను విప్పి చూడగలిగిన ప్రయోగశాలలో జరగవలసిన పని.

రంగు, పరిమాణం చూసి పోల్చుకుంటే సరిపోదా?

సరిపోదు. కుబుసం విడిచి అప్పుడే బయటికి వచ్చిన సికాడా పాలిపోయిన ఆకుపచ్చ రంగులో, మెత్తగా ఉంటుంది. కొన్ని గంటలు గడిచాక గాని దాని అసలు రంగు తేలదు. చనిపోయి ఎండిన నమూనాలో ఆకుపచ్చ గోధుమరంగుకు తిరుగుతుంది. ఒకే జాతిలో ఒక కొండ మీది పురుగుకూ మరో కొండ మీది పురుగుకూ రంగులో తేడా ఉండవచ్చు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, బెరడు మీద కూర్చునే పురుగులకు బెరడు రంగే రక్షణ. ఏ వంశానికి చెందినవైనా ఒకే రకం చెట్ల మీద బతికే పురుగులు ఒకే రకం మచ్చలను సంతరించుకోవచ్చు. ఇలా వేర్వేరు వంశాలు ఒకే పోలికకు రావడాన్ని పాఠ్యపుస్తకాల్లో అభిసారి పరిణామం అంటారు.

టింబల్ అంటే ఏమిటి? వర్గీకరణలో దానికి అంత ప్రాధాన్యం ఎందుకు వచ్చింది?

మగ సికాడా రెక్కను మెల్లగా ఎత్తి పొట్ట మొదటి ఖండిక ప్రక్కన చూస్తే, సన్నని గట్టు గట్టు గీతలు ఉన్న తెల్లటి పొర ఒకటి కనిపిస్తుంది, లేదా దాన్ని కప్పిన ఒక పెంకు కనిపిస్తుంది. ఆ పొరే టింబల్. దానికి లోపలి నుంచి బలమైన కండరం అతుక్కుని ఉంటుంది. రేకు డబ్బా మూతను మధ్యలో నొక్కి వదిలితే టక్కుమని లోపలికి పోయి మళ్లీ టక్కుమని పైకి వచ్చినట్టే, కండరం లాగినప్పుడల్లా ఈ పొర లోపలికి వంగి తిరిగి పైకి లేస్తుంది. ఇది సెకనుకు వందల సార్లు జరుగుతుంది. మగదాని పొట్టలో ఉన్న పెద్ద గాలి గది ఆ శబ్దాన్ని పెంచుతుంది. శ్రీలంక సికాడాల మీద పరిశోధించిన జె.డబ్ల్యు.ఎస్. ప్రింగిల్ 1954లో ఒక విశేషాన్ని ప్రకటించారు. ప్లాటీప్లూరా కాపిటాటా అనే జాతిలో ఈ కండరం నాడి పంపే సంకేతాల కంటే ఎక్కువ సార్లు సంకోచిస్తుంది. ఒక్క సంకేతం అందితే చాలు, కండరం దానంతట అదే అనేకసార్లు సంకోచించగలదని దీని అర్థం.

ఇంత ప్రత్యేకమైన అవయవం కనుక పాత శాస్త్రవేత్తలు దాన్నే వర్గీకరణకు ఆధారం చేసుకోవడం సహజం. బ్రిటిష్ ఇండియా సికాడాలను వర్ణించిన విలియం లూకస్ డిస్టాంట్, 1906 నాటి తన గ్రంథాల్లో టింబల్ పూర్తిగా కప్పి ఉన్నవి, కొంతమేర కప్పి ఉన్నవి, తెరచి ఉన్నవి అని మూడు ఉపకుటుంబాలు చేశారు. పని సులభం, ఎవరు చూసినా ఒకే జవాబు వస్తుంది. మన కళాశాలల్లోని పాత గుర్తింపు పట్టికల్లో కొన్ని ఇప్పటికీ ఈ పద్ధతినే అనుసరిస్తున్నాయి.

అయితే కప్పు ఉండడం లేకపోవడం వంశాన్ని నమ్మకంగా చెప్పదు. 2005లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఎం.ఎస్. మౌల్డ్స్ అనేక శరీర లక్షణాలను ఒకేసారి పోల్చి విశ్లేషించినప్పుడు, తరువాత 2018లో మార్షల్ బృందం జన్యు ఆధారాలతో వంశవృక్షాన్ని గీసినప్పుడు, టింబల్ కప్పు ఒకటి కంటే ఎక్కువ వంశాల్లో విడివిడిగా మారిందని స్పష్టమైంది. రెండు జాతులు కప్పు పోగొట్టుకున్నంత మాత్రాన అన్నదమ్ములు అయిపోవు. డిస్టాంట్ వర్ణనలు నేటికీ విలువైనవే. ఆయన చూసిన నమూనాలు, ఆయన రాసిన కొలతలు లేకుండా ఈనాడు ఎవరూ భారతీయ సికాడాల మీద పనిచేయలేరు. మారింది ఆ వర్ణనల నుంచి బంధుత్వాన్ని ఊహించే తీరు.

ఇప్పుడు అంగీకరించిన ఉపకుటుంబాలు ఏవి?

సికాడిడే కుటుంబంలో ఐదు: సికాడినే, సికాడెటినే, టిబిసినినే, టెట్టిగోమైయినే, డెరోటెట్టిజినే. నాలుగోది 2018లో చేరింది, దాని జాతులు ఆఫ్రికాలో, మడగాస్కర్‌లో ఉన్నాయి. ఐదోది 2019లో చేరింది, అర్జెంటీనా పొడి ప్రాంతాల్లో బతికే ఒకే ఒక్క ప్రజాతి కోసం ఏర్పరచినది. మన ప్రాంతంలో బాగా బిగ్గరగా వినిపించే పెద్ద సికాడాలు సాధారణంగా సికాడినేకు చెందినవి. సన్నని, చిన్న, గడ్డి పొదల్లో ఉండేవి చాలావరకు సికాడెటినే. కొత్తగా నేర్చుకునేవారు మొదట ఈ రెండింటినీ వేరుచేయగలిగితే చాలు.

టెట్టిగార్క్టిడే అనే మరో కుటుంబం గురించి విన్నాము. అదేమిటి?

సికాడోయిడియాలో ప్రస్తుతం బతికి ఉన్న రెండో కుటుంబం అది. రెండే జాతులు మిగిలాయి, ఒకటి ఆగ్నేయ ఆస్ట్రేలియాలో, మరొకటి టాస్మేనియాలో. ఒంటినిండా నూగు, వెనక్కి విస్తరించిన పెద్ద ముందు ఖండిక వీటి గుర్తులు. గాలిలో వినిపించే పాట వీటికి లేదు. ఆడ, మగ రెండింటికీ టింబల్ ఉన్నా, అవి ఆ కంపనాలను కూర్చున్న కొమ్మ ద్వారా పంపుకుంటాయి, మిగతా సికాడాలకు ఉన్న వినికిడి పొరలు వీటికి లేవు. జురాసిక్ యుగం నాటి శిలాజాలు చూస్తే ఈ కుటుంబం ఒకప్పుడు యూరప్, ఆసియాలలో కూడా విస్తరించి ఉండేదని తెలుస్తుంది. బిగ్గరగా పాడడం సికాడాలకు మొదటి నుంచీ ఉన్న గుణం కాదని, తరువాత ఒక శాఖలో వచ్చిందని నమ్మడానికి ఈ రెండు జాతులు బలమైన ఆధారం. మన జిల్లాల్లో దొరకకపోయినా, వంశవృక్షాన్ని అర్థం చేసుకోవాలనుకునే విద్యార్థి వీటి గురించి తప్పక చదవాలి.

ప్లాటీప్లూరా ప్రజాతి ఆఫ్రికాలోనూ, మన దేశంలోనూ ఉంది. రెండు భూఖండాలు ఒకప్పుడు కలిసి ఉన్నందువల్లనేనా?

ఈ ప్రశ్న వేసినవారిని మెచ్చుకోవాలి. ప్లాటీప్లూరాలు దక్షిణ భారతంలోని పొడి అడవుల్లో కనిపించే బలిష్ఠమైన సికాడాలు. వెడల్పైన తల, ప్రక్కలకు పొడుచుకువచ్చిన ముందు ఖండిక అంచులు, బెరడులో కలిసిపోయే మచ్చల ముందు రెక్కలు, పూర్తిగా కప్పి ఉన్న టింబల్ వీటి గుర్తులు. ఎనిమిది చుక్కలది అని అర్థం వచ్చే ఆక్టోగుట్టాటా జాతిని డేనిష్ కీటక శాస్త్రవేత్త ఫాబ్రిషియస్ 1798లోనే వర్ణించాడు. ఇవే లక్షణాలున్న జాతులు దక్షిణాఫ్రికా కొస నుంచి మడగాస్కర్, భారత్ మీదుగా జపాన్ దాకా ఉండడంతో, వీటిని చూసినవారికి దక్షిణ భూఖండాలు ఒకప్పుడు కలిసి ఉన్న గోండ్వానా ఖండం గుర్తుకు రావడం సహజం. భారత భూభాగం ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి విడిపోయి ఉత్తరానికి కదిలినప్పుడు ఈ పురుగులూ దానితోపాటే వచ్చాయని ఊహించడం తేలిక.

కాని కాలం లెక్క కుదరదు. ప్లాటీప్లూరా, దాని దగ్గరి ప్రజాతులు కలిసిన తెగ మీద 2019లో వెలువడిన జన్యు అధ్యయనం నాలుగు జన్యువులను పోల్చి, శిలాజాల సాయంతో కాలాన్ని అంచనా వేసింది. దాని ప్రకారం ఈ తెగ శాఖలుగా చీలడం మొదలైంది సుమారు 5 కోట్ల నుంచి 3.2 కోట్ల సంవత్సరాల క్రితం మాత్రమే. గోండ్వానా అప్పటికే ఎప్పుడో ముక్కలైపోయింది. పరిశీలించిన ఆసియా, భారతీయ జాతులన్నీ ఆఫ్రికా జాతుల నడుమ నుంచి పుట్టిన ఒక చిన్న కొమ్మగా తేలాయి. అంటే పుట్టిల్లు ఆఫ్రికా, అక్కడి నుంచి ఒక్కసారి జరిగిన వలసతో ఆసియా వంశం మొదలై ఉంటుంది. వృక్షంలోని కొన్ని ముఖ్యమైన చీలికలకు ఆధారం ఇంకా బలహీనంగానే ఉందని, మరిన్ని నమూనాలు కావాలని ఆ పరిశోధకులే స్పష్టం చేశారు. మన తూర్పు కనుమల నమూనాలకు ఉన్న విలువ ఇక్కడే తెలుస్తుంది.

అదే అధ్యయనం మరో మాట కూడా చెప్పింది. ప్లాటీప్లూరా అన్న పేరు కింద ఇన్నాళ్లూ చేర్చినవన్నీ ఒకే తల్లి సంతానం కావు. ఆసియాలోని అనేక జాతులను వేరే ప్రజాతులకు మార్చవలసి ఉంటుంది. కాబట్టి ఇవాళ మీరు పుస్తకంలో ప్లాటీప్లూరా అని చదివిన మన పురుగుకు రేపు వేరే ప్రజాతి పేరు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. జాతి పేరు అలాగే ఉండి ముందున్న ప్రజాతి పేరు మారడం ఈ శాస్త్రంలో మామూలే, దాన్ని గందరగోళంగా చూడకూడదు.

పాటను బట్టి జాతిని చెప్పవచ్చా?

చాలా సందర్భాల్లో చెప్పవచ్చు, కొన్నిసార్లు శరీరం కన్నా పాటే నమ్మకమైన ఆధారం. ఆడది తన జాతి మగదాన్ని పాట విని ఎంచుకుంటుంది కనుక, ఒకేచోట బతికే రెండు జాతుల పాటలు వేరుగా ఉండి తీరాలి. అమెరికాలోని మాజిసికాడా ప్రజాతిలో నియోట్రెడెసిమ్ అనే జాతిని 2000లో వేరుచేయడానికి ముఖ్యమైన ఆధారం పాట స్థాయిలోని తేడాయే. జాతిని పొరబడి గుర్తించడానికి మనకు దగ్గరి ఉదాహరణ కేరళది. అక్కడి ఒక సికాడాను చాలాకాలం పురానా టిగ్రినా అనే మలేషియా ప్రాంతపు జాతిగా లెక్కించారు. జాగ్రత్తగా పోల్చి చూస్తే అది వేరే జాతి అని తేలి, 2023లో పురానా చీవీడా అన్న పేరుతో ప్రకటించారు.

పాటను రికార్డు చేసేటప్పుడు సమయం, ఉష్ణోగ్రత, చెట్టు పేరు, నేల నుంచి ఎత్తు తప్పకుండా రాయండి. ఫోన్‌తో చేసిన రికార్డు కూడా పనికివస్తుంది, కాని శబ్దాన్ని మెరుగుపరిచే సౌకర్యాలను ఆపివేయాలి, లేకపోతే అవి సికాడా పాటనే అనవసరమైన రొదగా భావించి తీసివేస్తాయి.

జన్యు పరీక్ష ఉండగా ఈ కొలతలన్నీ ఎందుకు?

జన్యువు చెప్పేది బంధుత్వాన్ని. ఆ జన్యువు ఏ పురుగుదో, ఆ పురుగు పేరేమిటో చెప్పాలంటే పేరు పెట్టిన పాత నమూనాతో పోల్చాలి, ఆ నమూనాలు చాలావరకు వంద, రెండు వందల ఏళ్ల నాటి ఎండిన పురుగులు. వాటితో పోలిక శరీర లక్షణాల ద్వారానే సాధ్యం. పైగా జాతుల గుర్తింపుకు ఎక్కువగా వాడే మైటోకాండ్రియా జన్యువు తల్లి నుంచి మాత్రమే వస్తుంది. దగ్గరి జాతుల మధ్య సంకరం జరిగితే ఒక జాతి శరీరంలో మరో జాతి మైటోకాండ్రియా ఉండవచ్చు. అందువల్ల కేంద్రక జన్యువులను కూడా చూడాలి, శరీరాన్ని, పాటను వాటి పక్కన పెట్టి చూడాలి. వీటిలో ఏ ఒక్కటీ మిగతావాటిని అనవసరం చేయదని మా దృఢాభిప్రాయం.

చెట్టు మీద దొరికే కుబుసంతో గుర్తుపట్టవచ్చా?

మెట్ట పొలాల గట్ల మీది వేప, కానుగ చెట్ల మొదళ్లలో, ఇళ్ల ప్రహరీ గోడల మీద కూడా ఇవి దొరుకుతాయి. మట్టి రంగులో, పెళుసుగా, వీపు మీద నిలువుగా చీలిక పడి, ఆరు కాళ్లతో బెరడును గట్టిగా పట్టుకుని ఉంటాయి. చీలిక లోపల నుంచి తెల్లటి దారాలు వేలాడుతుంటాయి. అవి పురుగు శ్వాసనాళాల లోపలి పొరలు. ఒంటితోపాటు వాటిని కూడా విడిచి బయటికి వస్తుంది. మట్టిని తవ్వడానికి ముందు కాళ్లు బలిసి, లోపలి అంచున పళ్ల వరుసతో ఉంటాయి. ఆ పళ్ల సంఖ్య, అమరిక, మీసాల కణుపుల పొడవులు ప్రజాతుల్ని వేరుచేయడానికి ఉపకరిస్తాయి.

కుబుసానికి మరో విలువ ఉంది. ఎగిరే పురుగు ఎక్కడి నుంచైనా వచ్చి వాలి ఉండవచ్చు, కుబుసం దొరికిందంటే మాత్రం పిల్లపురుగు అక్కడి నేలలోనే, అక్కడి వేళ్ల రసం తాగుతూనే పెరిగిందని అర్థం. ఏ ప్రాణికీ హాని లేకుండా సేకరించగలిగింది కూడా ఇదే. పాఠశాల పిల్లలతో పని మొదలుపెట్టే ఉపాధ్యాయులకు కుబుసాలతోనే ప్రారంభించమని సలహా ఇస్తాము.

మన సికాడాలు కూడా పదిహేడేళ్లకు ఒకసారి వస్తాయా?

రావు. పిల్లపురుగులు నేలలో సంవత్సరాల తరబడి గడపడం సికాడాలలో సామాన్యమే అయినా, చాలా జాతుల్లో వేర్వేరు వయసుల పిల్లలు నేలలో ఉంటాయి కనుక ప్రతి ఏటా కొన్ని బయటికి వస్తూనే ఉంటాయి. అన్నీ ఒకే ఏడు రావడం అరుదు. మన దేశంలో అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ మేఘాలయలోని రి భోయ్ జిల్లాలో ఉంది. 2013లో వర్ణించిన క్రెమిస్టికా రిభోయి అనే జాతి నాలుగేళ్లకు ఒకసారి, ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగే ఏట, గుంపులుగా వస్తుంది.

అమెరికా మాజిసికాడాలు 13 లేదా 17 ఏళ్లకు వస్తాయి. వర్గీకరణ నేర్చుకునేవారికి ఇందులో గమనించవలసినది ఒకటి ఉంది. 13 ఏళ్ల జాతులన్నీ ఒక వైపు, 17 ఏళ్లవన్నీ మరొక వైపు చుట్టాలై ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. జన్యు వృక్షంలో అలా లేదు. 13 ఏళ్ల జాతికి అత్యంత దగ్గరి బంధువు ఒక 17 ఏళ్ల జాతి. కాలచక్రం వేర్వేరు శాఖల్లో విడివిడిగా మారిందన్నమాట.

ఇవి పంటలకు, తోటలకు నష్టం చేస్తాయా?

గూడూరు నిమ్మ తోటలకైనా, ఉదయగిరి వైపు మామిడి తోటలకైనా వీటివల్ల ఆందోళన అవసరం లేదు. గుడ్లు పెట్టిన సన్నని రెమ్మలు కొన్ని ఎండవచ్చు, అంతే. మందు కొట్టవద్దు. చెట్టు కింద నిలబడితే తుంపర పడినట్టు అనిపించేది, అవి తాగిన రసంలోని అదనపు నీటిని విసర్జించడమే.

మన రెండు జిల్లాల్లో ఎక్కడ వెతకాలి?

పడమట గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు నల్లమల అంచు, నెల్లూరు జిల్లాకు పడమటి హద్దుగా సాగే వెలిగొండలు, వాటి పాదాన ఉన్న కోనలు అన్నిటికన్నా మంచి చోట్లు. నీటి చెలమలు ఉన్న కోనలో ఒక రకం పాట, నాలుగడుగులు ఎక్కి ఎర్రచందనం ఉన్న రాతి వాలుకు చేరితే మరో రకం పాట వినిపించవచ్చు. ఆ తేడాను నమోదు చేయడమే మొదటి పని. తీరం వెంబడి సరుగుడు తోటలను, ఊళ్లలోని పాత చింత, నేరేడు చెట్లను కూడా వదలకండి. అడవులనే చూసి ఊరి చెట్లను చూడకపోవడం వల్ల సాధారణ జాతుల వివరాలే మన దగ్గర కొరవడుతున్నాయి.

పెనుశిల నరసింహ వన్యప్రాణి అభయారణ్యంలోనూ, ఇతర రక్షిత అడవుల్లోనూ అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఏ నమూనానూ సేకరించకూడదు. ఫోటోకు, ధ్వనికి పరిమితం కావాలి.

గుర్తింపు కోసం ఎలాంటి ఫోటోలు కావాలి?

పై నుంచి ఒకటి, ప్రక్క నుంచి ఒకటి, ముఖానికి ఎదురుగా ఒకటి, పొట్ట అడుగున మూతలు స్పష్టంగా కనిపించేలా ఒకటి. పురుగు పక్కన స్కేలు పెట్టాలి. వీపు మీది అందమైన ఫోటో పది ఉన్నా, పొట్ట అడుగు ఫోటో ఒక్కటి లేకపోతే చాలాసార్లు ప్రజాతి దగ్గరే ఆగిపోవలసి వస్తుంది. తేదీ, ఊరు, చెట్టు పేరు లేని ఫోటోతో శాస్త్రానికి పెద్దగా ఉపయోగం ఉండదు.

మాకు దొరికింది కొత్త జాతి అని ఎప్పుడు చెప్పవచ్చు?

ఏ పుస్తకంలోనూ కనబడలేదు అన్నంత మాత్రాన చెప్పకూడదు. ఆ ప్రజాతిలో ఇప్పటికే పేరు పెట్టిన జాతులన్నిటి మూల వర్ణనలను చదవాలి, వీలైనంతవరకు వాటి మూల నమూనాలతో (పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న నమూనాలతో) పోల్చాలి. భారతీయ సికాడాల పాత మూల నమూనాల్లో చాలా భాగం లండన్ సహజ చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి. కోల్‌కతాలోని భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ సేకరణను కూడా చూడాలి. మగదాని జననాంగాల చిత్రాలు, కొలతలు, పాట రికార్డు, జన్యు వివరం సమకూర్చి, దగ్గరి జాతుల నుంచి అది ఎక్కడ వేరుపడుతుందో స్పష్టంగా రాయాలి. ఒక నమూనాను మూల నమూనాగా ప్రకటించి, ఎవరైనా వచ్చి చూడగలిగే సేకరణలో భద్రపరచాలి. అంతర్జాతీయ జంతు నామకరణ నియమాల ప్రకారం వర్ణన ప్రచురితమైన తరువాతే ఆ పేరు చెల్లుతుంది. ఇవన్నీ పూర్తయ్యేదాకా చీటీ మీద ప్రజాతి పేరు రాసి, పక్కన "జాతి నిర్ధారణ కాలేదు" అని, సేకరించిన తేదీ, స్థలం, చెట్టు పేరుతో సహా రాసి ఉంచండి.